కొల్లాజెన్ తాడు పేనే చోటు

సభకు నమస్కారం. ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో, 1954లో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ది మూడు పేటల పురి అని ప్రతిపాదించారు. మన చర్మంలో, ఎముకలో, గుమ్మం బయట విడిచొచ్చిన తోలు చెప్పులో ఉన్నది ఆ తాడే. దాన్ని పేనేది కణంలోని గరుకు అంతర్జీవద్రవ్యజాలం, అంటే కణం లోపల పరుచుకున్న పొరల అల్లిక.

ఆ గరుకు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల వల్ల వచ్చింది. అవి అక్కడ శాశ్వతంగా అతుక్కుని ఉంటాయనుకోవద్దు. పని మొదలయ్యేది జాలం బయట, సైటోసోల్ అనే కణద్రవంలో. తయారవుతున్న ప్రోటీన్ గొలుసు మొదట్లోని 15 నుంచి 30 అమైనో ఆమ్లాల సంకేత భాగం కనబడగానే ఎస్‌ఆర్‌పీ అనే రేణువు దాన్ని పట్టుకుని, తయారీని నెమ్మదింపజేసి, రైబోజోమును జాలం పొర దగ్గరికి చేరుస్తుంది. గొలుసు సెక్61 ద్వారంలోంచి లోపలికి జారుతుంది. సంకేత భాగాన్ని ఒక ఎంజైమ్ కోసేస్తుంది.

అసలు కథ లోపల. పురి నడుమ చోటు ఎంత ఇరుకంటే, ప్రతి మూడో స్థానంలో అతి చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసిన్ తప్ప మరొకటి పట్టదు. ఒక్క గ్లైసిన్ మారినా పురి తడబడుతుంది. పెళుసు ఎముకల జబ్బుకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. తర్వాత ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలకు హైడ్రాక్సిల్ అనే చిన్న రసాయన ముక్క తగిలించాలి. ఆ పని చేసే ఎంజైమ్‌కు ఇనుము, ఆక్సిజన్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ అనే చిన్న అణువు కావాలి. మధ్యమధ్య ఇనుము ఆక్సీకరణం చెంది ఎంజైమ్ మొరాయిస్తుంది. దాన్ని మళ్లీ దారికి తెచ్చేది విటమిన్ సి. అది కరువైతే హైడ్రాక్సిల్ పడదు, పురి సుమారు 24 డిగ్రీలకే విడిపోతుంది. మనం ఏసీకి పెట్టుకునే అంకె అది! ఒంట్లోనేమో 37. స్కర్వీలో చిగుళ్లు నెత్తురు కారడం, మానిన గాయాలు మళ్లీ తెరుచుకోవడం ఇందుకే. ఉసిరికాయ పని చేసే చోటు ఇదన్నమాట.

మూడు పేటలూ సి-కొస, అంటే గొలుసు చివరి కొస, దగ్గర కలిసి, అక్కణ్నుంచి జిప్పు లాగినట్టు పురి పడతాయి. సరిగా మడతపడనివాటిని జాలం బయటికి పంపదు. కొన్నిటిని సైటోసోల్‌లోకి నెట్టి ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు అప్పగిస్తుంది, పెద్ద ముద్దలను కణం జీర్ణసంచి అయిన లైసోజోమ్ చూసుకుంటుంది. మడతపడనివి మరీ పేరుకుపోతే పెర్క్ అనే ప్రోటీన్ కొత్త తయారీని తగ్గిస్తుంది. అప్పటికీ సర్దుకోకపోతే కణమే చస్తుంది.

పురి కుదిరిన తాడు సుమారు 300 నానోమీటర్ల పొడవు, వంగని కర్ర. మామూలు రవాణా సంచులు 60 నుంచి 80 నానోమీటర్లే. టాంగో1 అనే ప్రోటీన్ సాయం లేనిదే ఆ తాడు జాలం గడప దాటలేదు. తాడు రెండు కొసలకూ అదనపు ముక్కలు ఉంటాయి, అవి కణం దాటాకే తెగుతాయి. లోపలే తెగితే తాళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని కణంలోనే మోపులు కట్టేస్తాయి.