చలికాలంలో మనరోలా: సముద్రతీర గ్రామం తన పని తాను చేసుకునే నెలలు

[దృశ్యం: జనవరి ఉదయం. రైల్వేస్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే సొరంగ మార్గం. అడుగుల చప్పుడు తప్ప మరో శబ్దం లేదు.]

నమస్కారం. ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతంలో, లా స్పెజియా పట్టణం నుంచి పది నిమిషాల రైలు ప్రయాణం చేసి, మనరోలా అనే చిన్న గ్రామంలో దిగాం. స్టేషన్ నుంచి ఊళ్లోకి చేర్చే ఈ సొరంగంలో జూలై నెలలో అయితే జనం ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ నడవాల్సి వస్తుంది. ఈ ఉదయం మాత్రం మన అడుగుల చప్పుడు మనకే తిరిగి వినిపిస్తోంది.

[దృశ్యం: సొరంగం బయట ప్రధాన వీధి. ఇళ్ల గోడల వారగా వరుసగా నిలిపిన పడవలు. ఒక దుకాణం తలుపుకు అతికించిన కాగితం దగ్గరగా.]

సొరంగం దాటగానే వీధికి ఒక వారగా పడవలు కనిపిస్తాయి. ఇక్కడి రేవు చాలా ఇరుకైనది, పైగా అలల తాకిడికి నేరుగా ఎదురుగా ఉంటుంది. అందుకే సముద్రం పోటెత్తే రోజుల్లో పడవలను పైకి లాగి, పట్టాలు కప్పి, మన ఊళ్లలో ఇంటి ముందు ఎడ్లబండి నిలిపినట్లు ఇళ్ల ముందే నిలుపుకుంటారు. వాటి వెనక ఉన్న దుకాణం తలుపు మీద చేత్తో రాసిన ఒక కాగితం ఉంది. ‘కియూజో పెర్ ఫెరియే’ అని రాసి, కింద మార్చి నెలలోని ఒక తేదీ వేశారు. సెలవుల కోసం మూసి ఉంచామని దాని అర్థం. నవంబరు మొదటి వారాల నుంచి మార్చి నెల సగం దాకా ఈ కాగితం ఇక్కడ చాలా తలుపుల మీద కనిపిస్తుంది. క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా ఉండే పండుగ రోజుల్లో మాత్రం కొన్ని తెరుచుకుని, ఆ తర్వాత మళ్లీ మూతపడతాయి.

చాలావరకు మూసి ఉండే ఊరికి అంత దూరం వెళ్లడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వేసవిలో ఈ ఊరు వచ్చినవాళ్ల పనిలో మునిగి ఉంటుంది, చలికాలంలో తన పని తాను చేసుకుంటుంది. ఆ పని ఏమిటో చూస్తే తప్ప ఈ ఊరు ఈ కొండకు ఎలా అంటిపెట్టుకుని నిలబడిందో అర్థం కాదు. ఈ వీడియోలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ పని గురించే.

[దృశ్యం: తీరం పొడవునా ఐదు గ్రామాలను చూపే పటం.]

ముందుగా ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మొంతెరోస్సో, వెర్నాత్సా, కొర్నీలియా, మనరోలా, రియోమజోరే అనే ఐదు గ్రామాలను కలిపి చింక్వే తెర్రే అంటారు. ఐదు నేలలు అని ఆ మాటకు అర్థం. 1874లో జెనోవా, లా స్పెజియాల మధ్య రైలు మార్గం పూర్తయ్యే దాకా ఈ ఊళ్లకు కాలిబాటలు, సముద్రమే దారులు. 1997లో యునెస్కో ఈ తీరాన్ని పోర్తోవెనెరే పట్టణంతోను, దాని ఎదుటి దీవులతోను కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1999లో ఇది జాతీయ ఉద్యానవనం అయింది. ఐదు గ్రామాల్లోనూ కలిపి స్థిరంగా ఉండేవాళ్లు నాలుగు వేలకు లోపే. చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా లక్షల్లో ఉంటారు.

[దృశ్యం: ఊరి పైనున్న కొండ. అంచెలంచెలుగా రాతి గోడలు, ఆకులు రాలిన ద్రాక్ష తీగలు. కూలిన గోడ దగ్గర రాళ్లు ఏరుతున్న చేతులు.]

ఇప్పుడు తల ఎత్తి కొండను చూడండి. ఆకులతో, పందిళ్ల పచ్చదనంతో వేసవిలో కనిపించని ఒక సంగతి చలికాలంలో బయటపడుతుంది. ఈ కొండ మీద సాగుకు పనికొచ్చే చదునైన నేల ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు చేసుకున్నది. దాదాపు వెయ్యేళ్లుగా ఇక్కడివాళ్లు ఏటవాలు కొండను తొలిచి, దొరికిన ఇసుకరాళ్లతో అడ్డంగా గోడలు పేర్చి, వాటి వెనక మట్టి నింపి, మెట్లలాంటి మడులు తయారు చేశారు. సున్నం గానీ సిమెంటు గానీ లేని ఈ గోడలను ‘మురెత్తి ఆ సెక్కో’ అంటారు. ఇలా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టే నైపుణ్యాన్ని, ఇటలీతో సహా ఎనిమిది ఐరోపా దేశాల పేరున, 2018లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గోడల మరమ్మతుకు అనువైన కాలం ఇదే. కోత అయిపోయి ఉంటుంది, తీగలు నిద్రలో ఉంటాయి, మడుల్లో నడిచినా పంటకు నష్టం ఉండదు. పని ఎలా సాగుతుందో ఒక్కసారి దగ్గరగా గమనించండి. గోడ కూలడానికి ముందు పొట్ట ఉబ్బినట్లు ముందుకు వస్తుంది. అలా వచ్చిన భాగాన్ని పూర్తిగా విప్పి, రాళ్లను పరిమాణాన్ని బట్టి పెద్దవి, పొడవైనవి, చిన్నవి అని విడివిడిగా కుప్పలు వేస్తారు. అడుగున గట్టి నేల తగిలే దాకా తవ్వి, అన్నిటికంటే పెద్ద రాళ్లను పునాదిగా కూర్చోబెడతారు. ఆ పైన ఒక్కొక్క రాయినీ చేతిలో తిప్పి చూసి, దాని ముఖం ఏదో తేల్చుకుని, కింది రెండు రాళ్ల అతుకు మీదికి వచ్చేలా పెడతారు. అక్కడక్కడ పొడవైన రాయిని అడ్డంగా లోపలికి దూర్చి గోడను వెనకనున్న కొండకు కట్టివేస్తారు. గోడకూ మట్టికీ మధ్య ఖాళీలో చిన్న రాళ్లు నింపుతారు. ఈ చివరి పనిలోనే గోడ ప్రాణం ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే వాననీరు మట్టిలోంచి ఆ చిన్న రాళ్ల మధ్యకు దిగి, గోడ సందుల్లోంచి నెమ్మదిగా బయటికి జారిపోతుంది. దారి లేని సిమెంటు గోడ అయితే వెనక నిలిచిన నీటి బరువు ఏదో ఒక రోజు దాన్ని ముందుకు తోసేస్తుంది.

మనుషులు పైమడులను వదిలేసి వలస వెళ్లిన కొద్దీ ఈ గోడలు పాడుపడ్డాయి. చెట్ల వేళ్లు రాళ్లను పెకలిస్తాయి, అడవి పందులు దుంపల కోసం గోడ అడుగులను తవ్వేస్తాయి. ఆ నిర్లక్ష్యం ఎంత నష్టం చేయగలదో 2011 అక్టోబరు 25న ఈ తీరం చూసింది. ఆ రోజు కొన్ని గంటల్లో కురిసిన కుంభవృష్టికి కొండచరియలు విరిగి, రాళ్లూ మట్టీ చెట్లూ కలిసి వెర్నాత్సా, మొంతెరోస్సో గ్రామాల మీద పడ్డాయి. వెర్నాత్సాలో వాగు మీద కప్పు వేసి ప్రధాన వీధిని నిర్మించారు. కింది దారి చాలక, ప్రవాహం వీధి మీదుగానే సముద్రం వైపు పరుగెత్తి ఇళ్ల కింది అంతస్తులను బురదతో నింపేసింది. వెర్నాత్సాలో ముగ్గురు, మొంతెరోస్సోలో ఒకరు మరణించారు. సాగు మానేసి వదిలేసిన మడులు అంత తేలికగా జారిపోవడం చూశాక, ఈ గోడలు అందం కోసం కట్టినవి కావనీ, ఊరి ప్రాణం వీటి మీద ఆధారపడి ఉందనీ అందరికీ తెలిసివచ్చింది. అందువల్ల ఇక్కడ నడిచేటప్పుడు దయచేసి గోడల మీద ఎక్కవద్దు, కూర్చోవద్దు, ఒక్క రాయిని కూడా కదిలించవద్దు.

[దృశ్యం: పందిరి కింద వంగి తీగలు కత్తిరించే మనిషి. మడుల మధ్య పైకి పాకే ఒంటి పట్టా బండి.]

గోడల పక్కనే తీగల కత్తిరింపు కూడా ఈ నెలల్లోనే జరుగుతుంది. సముద్రపు గాలికి తట్టుకోవాలని ఇక్కడి ద్రాక్షకు పూర్వం నుంచీ నడుము ఎత్తుకు మించని పందిళ్లు వేసేవారు. వాటి కింద రోజంతా వంగి పనిచేయవలసిందే. కోసిన పళ్లను దించడానికి కొన్నిచోట్ల ఒకే పట్టా మీద నడిచే చిన్న బండ్లు ఉన్నాయి. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో అనే మూడు రకాల ద్రాక్షను గాలి ఆడే గదుల్లో వారాల తరబడి ఎండబెట్టి, ఆ తర్వాత పిండి తీసే తియ్యటి ద్రాక్షసారాయికి షక్కెత్రా అని పేరు. వేసవి యాత్రికుడు దాన్ని గ్లాసులో మాత్రమే చూస్తాడు.

[దృశ్యం: సాయంత్రం. సాన్ లొరెంజో చర్చి ముందరి ఖాళీ స్థలం నుంచి ఎదుటి కొండ. చీకటి పడుతుండగా ఒక్కొక్కటిగా వెలిగే బొమ్మలు.]

చలికాలంలో మనరోలాను వెతుక్కుంటూ రావడానికి మరో పెద్ద కారణం ఎదురుగా ఉన్న మూడు శిలువల కొండ. క్రైస్తవులు క్రిస్మస్‌కు యేసు జననాన్ని బొమ్మలతో చూపే పశువుల పాకను ఇటలీలో ‘ప్రెసేపే’ అంటారు. మన కోస్తా జిల్లాల చర్చిల్లో, ఇళ్ల ముంగిళ్లలో డిసెంబరులో కట్టే పాక కూడా అదే. మనరోలాలో ఆ పాక ఒక కొండంత ఉంటుంది. మారియో ఆంద్రెయోలి అనే రైల్వే ఉద్యోగి పదవీ విరమణ చేసినా ఈ పని మానకుండా, దశాబ్దాల పాటు తన ద్రాక్షతోట ఉన్న ఈ కొండనే వేదికగా చేసుకుని దీన్ని పెంచుకుంటూ వచ్చారు. పారేసిన ఇనుప చువ్వలు, ప్లాస్టిక్, చెక్క ముక్కలు తెచ్చి మనిషంత బొమ్మలు కట్టి, వాటి అంచుల వెంట బల్బులు అమర్చారు. గొర్రెల కాపరులు, జాలరులు, ద్రాక్ష గంపలు మోసేవాళ్లు, గొర్రెలు, చేపలు కలిసి బొమ్మల సంఖ్య మూడు వందలు దాటింది. దీపాలకు కావలసిన విద్యుత్తు సౌర పలకల నుంచి వస్తుంది.

డిసెంబరు 8న ఇటలీలో మరియమాత పండుగ సెలవు. సంప్రదాయంగా ఆ సాయంత్రమే దీపాలు వెలిగించి, జనవరి నెల చాలావరకు ఉంచుతారు. వెలిగించే రోజు జనం బాగా వస్తారు కాబట్టి, ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు సంక్రాంతి దగ్గర రోజుల్లో రావడం మేలని నా అభిప్రాయం. పగటిపూట ఆ కొండ మీద ఇనుప చట్రాలు తప్ప ఏమీ కనిపించవు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలలోపే పొద్దు కుంకుతుంది. వెలుగు తగ్గే కొద్దీ చట్రాలు మాయమై, వాటి చుట్టూ ఉన్న దీపాల గీతలు మాత్రం మిగిలి, గోడల మీద మనుషులు నడిచి వెళుతున్నట్లు కనిపిస్తుంది. పగలు మనం చూసిన మడులూ గోడలూ ఆ బొమ్మలకు నేల అవుతాయి.

[దృశ్యం: వెడల్పాటి రాగి పళ్లెంలో పొయ్యిలోంచి తీస్తున్న పసుపు రంగు అట్టు.]

తిండి విషయంలో శాకాహారులు భయపడనవసరం లేదు. లిగూరియాలో ‘ఫరినాతా’ అనే వంటకం ఉంది. శనగపిండిని నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనెతో జారుగా కలిపి, కొన్ని గంటలు నాననిచ్చి, వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి మండే పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా, మిరియాల పొడి చల్లి ఇచ్చే ఆ ముక్క చేతిలో పెట్టుకుంటే చలిలో ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. పచ్చికారం లేని శనగపిండి అట్టు అనుకోండి. ఊళ్లో ఫలహారశాలలు మూసి ఉంటే లా స్పెజియాలో తిని బయలుదేరడం మంచిది. పెస్తో అనే ఆకుల పచ్చడిలో చీజ్ ఉంటుంది, ఇక్కడి కూరగాయల వంటల్లో కొన్నిసార్లు ఉప్పుచేప కలుపుతారు కాబట్టి అడిగి తెలుసుకోండి.

[దృశ్యం: మబ్బు పట్టిన సముద్రం. రేవు గోడను దాటి ఎగిసే అల.]

ఇక జాగ్రత్తలు. జనవరిలో పగలు 11, 12 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మంచు కురవడం అరుదు. అసలు ఇబ్బంది వానతోను, గాలితోను వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు ఎక్కువ. నైరుతి నుంచి వీచే ‘లిబెచ్చో’ గాలికి అలలు రేవు మీదికి ఎగిసిపడతాయి. ఫొటో కోసం రేవు అంచుకు వెళ్లినవాళ్లను అల లాగేసుకోవచ్చు, కాబట్టి అలాంటి రోజున ఊరి పక్కనున్న పుంతా బోన్ఫీల్యో అనే కొండకొమ్ము మీది నుంచే చూడండి. లిగూరియా ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వాతావరణ హెచ్చరికలు ఇస్తుంది. నారింజ, ఎరుపు హెచ్చరికలు ఉన్న రోజుల్లో కాలిబాటలు మూసేస్తారు. రాలిన ఆకులతో తడిసిన రాతిమెట్లు జారుతాయి గనుక పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి.

మనరోలా, రియోమజోరేల మధ్య తీరం వెంట సాగే ‘వియా దెల్లమోరే’ అనే కాలిబాట 2012 సెప్టెంబరులో రాళ్లు పడి నలుగురు గాయపడిన తర్వాత మూతపడింది, పూర్తి బాట తిరిగి 2024లోనే తెరుచుకుంది. దానికి ముందుగా సమయం నిర్ణయించుకుని టిక్కెట్టు తీసుకోవాలి. నాకు ఇష్టమైనది మాత్రం ఊరి పైన వొలాస్త్రా పల్లెకు ఎక్కే మెట్ల దారి, ఎందుకంటే అది గోడల మధ్య నుంచే వెళుతుంది. అక్కడి నుంచి కొర్నీలియా చేరవచ్చు. కొర్నీలియా సముద్రానికి వంద మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, దాని స్టేషన్ నుంచి ఊళ్లోకి 382 మెట్లు ఎక్కాలి.

పడవ సర్వీసులు చలికాలంలో నడవవు, రైళ్లు నడుస్తాయి గానీ వేసవి కంటే తక్కువగా వస్తాయి. కాగితపు ప్రాంతీయ టిక్కెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా కట్టాలి. మిలాన్, టురిన్, బొలోన్యా నగరాల్లో చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇది వారాంతంలో వచ్చి వెళ్లగలిగే దూరం. భారతదేశం నుంచి వచ్చేవాళ్లు షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

గది విషయంలో ఒక మాట. నేను దిగిన గదిలో కిటికీ తెరిస్తే సముద్రమే, కానీ రాత్రి 11 దాటాక హీటరు ఆగిపోయింది. ఇటలీలో చాలా భవనాల్లో వేడి యంత్రాలు రోజులో కొన్ని గంటలే నడుస్తాయి, దానికి ప్రభుత్వ నిబంధనలే ఉన్నాయి. గది తీసుకునే ముందు ఆ వేళలు అడగండి, అదనపు దుప్పటి కూడా అడగండి. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు, ఎదుటి కొండ మీద దీపాల కాపరి ఒకడు గొర్రెలతో నిలబడి ఉన్నాడు, కింద ఎక్కడో అల రాతిని కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

[దృశ్యం: తెల్లవారుజాము. కొండ మీద దీపాలు లేవు. రాతిమెట్ల మీద సంచీ భుజాన వేసుకుని తోట వైపు ఎక్కుతున్న ఒక మనిషి వీపు.]