డెబ్బై మీటర్ల దూరంలో పది

శ్రోతలకు నమస్కారం.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల వ్యక్తిగత విలువిద్య ఫైనల్ జరిగింది. దక్షిణ కొరియాకు చెందిన కిమ్ వూజిన్, అమెరికాకు చెందిన బ్రాడీ ఎలిసన్ ఐదో సెట్‌లో మూడేసి బాణాలు వేస్తే ఆరింటికి ఆరూ లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల వలయంలోనే దిగాయి. స్కోరు 5-5 వద్ద నిలిచిపోవడంతో విజేతను తేల్చడానికి ఇద్దరికీ ఒక్కొక్క బాణం ఇచ్చారు. అవి కూడా పదిలోనే పడ్డాయి. చివరకు కొలిచి చూస్తే కిమ్ బాణం కేంద్రానికి 55.8 మిల్లీమీటర్ల దూరంలో, ఎలిసన్ బాణం 60.7 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. అంటే, అర సెంటీమీటరైనా లేని తేడాతో స్వర్ణ పతకం కిమ్‌ను వరించింది.

ఒలింపిక్స్‌లో విలుకాడు నిలబడే గీతకూ లక్ష్యానికీ మధ్య దూరం 70 మీటర్లు. లక్ష్యంగా ఉంచే కాగితం వ్యాసం 122 సెంటీమీటర్లు. దాని మీద బయటి నుంచి లోపలికి తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో పది వలయాలుంటాయి. అన్నిటికంటే లోపల ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు మాత్రమే. భోజనానికి వాడే కంచంలో సగం కూడా ఉండదు. రెండు వలయాల మధ్య గీతను బాణం తాకితే చాలు, ఎక్కువ పాయింట్లనే లెక్కిస్తారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు అనుకుందాం. వదిలే క్షణంలో బాణం వెనుక కొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఆ పొరపాటు లక్ష్యం దగ్గరకు చేరేసరికి దాదాపు పది సెంటీమీటర్లవుతుంది. పదిలో దిగవలసిన బాణం తొమ్మిదికి పోతుంది. అందువల్ల ఈ ఆటలో కంటిచూపు కంటే కూడా ముఖ్యమైనది, ఒకే పనిని ప్రతిసారీ అణువంత తేడా లేకుండా చేయగలగడమేనని నేను నమ్ముతాను.

ఒలింపిక్స్‌లో వాడే, కొనలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లుకు క్లిక్కర్ అనే పలుచని లోహపు పట్టీ ఉంటుంది. బాణాన్ని దాని కింద నుంచి పోనిస్తారు. పురుషుల విల్లును పూర్తిగా లాగి పట్టుకోవడానికి సాధారణంగా 20 కిలోలకు పైగా బరువు మోసినంత బలం కావాలి. ఆ బలంతో నారిని గడ్డానికి ఆనించి, ముక్కు కొనకు తాకించి, వీపు కండరాలతో ఇంకొక్క వెంట్రుక మందం వెనక్కి లాగగానే బాణం మొన పట్టీ కింద నుంచి జారుతుంది, పట్టీ విల్లుకు తగిలి 'టిక్'మని మోగుతుంది. ఆ చప్పుడు విన్న వెంటనే వేళ్లు నారిని వదలాలి. ప్రతి బాణానికీ నారి ఒకే పొడవున సాగిందనడానికి ఆ చప్పుడే గుర్తు. గాలి వీస్తున్నప్పుడు మాత్రం ఇదంతా సరిగ్గా చేసినా సరిపోదు. గాలి బాణాన్ని ఎంత నెట్టుతుందో అంచనా వేసి, కేంద్రాన్ని వదిలి పక్కకు గురిపెట్టే ధైర్యం కూడా ఉండాలి.

పోటీ మొదట ర్యాంకింగ్ రౌండ్‌తో మొదలవుతుంది. ఒక్కొక్కరు 72 బాణాలు వేస్తారు, గరిష్ఠంగా 720 పాయింట్లు. దాని ప్రకారం మొదటి స్థానంలో ఉన్నవారికి 64వ స్థానంలో ఉన్నవారితో, రెండో స్థానంవారికి 63వ స్థానంవారితో నాకౌట్ పోటీ పడుతుంది. అప్పటి నుంచి లెక్క మారిపోతుంది. సెట్‌కు మూడు బాణాలు. ఎక్కువ స్కోరు చేసినవారికి రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి, ముందుగా ఆరు పాయింట్లు సాధించినవారిదే గెలుపు. ఒక బాణం ఎంత ఘోరంగా గురి తప్పినా పోయేది ఆ ఒక్క సెట్టే. తర్వాతి సెట్‌ను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టవచ్చు. మొత్తం పాయింట్లు ఎక్కువ చేసినవారు కూడా ఓడిపోవచ్చు కదా అని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాట నిజమే అయినా, పడి లేచే అవకాశం ఇచ్చే ఈ పద్ధతి నాకు న్యాయంగానే తోస్తుంది.

అదే పారిస్‌లో విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్, రెండో రౌండ్‌లో కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో 5-5 వరకు పోరాడాడు. చెరొక బాణంతో విజేతను తేల్చే షూట్ ఆఫ్‌లో ధీరజ్ పది కొట్టాడు. పీటర్స్ కూడా పదే కొట్టాడు, అతని బాణం కేంద్రానికి మరింత దగ్గరగా దిగింది. పది కొట్టి ఇంటికి రావలసి రావడం ఎంత కఠినమో ఆలోచించండి.

విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు. దాని కొనలకున్న చక్రాల వల్ల నారి పూర్తిగా లాగాక భారం చాలావరకు తగ్గిపోతుంది. గురి చూడటానికి భూతద్దం, నారిని వదలడానికి చేతిలో చిన్న మీట ఉంటాయి. ఇన్ని సౌకర్యాలున్నందుకు పోటీ కూడా అంతే కఠినంగా ఉంటుంది. దూరం 50 మీటర్లు, పది వలయం వ్యాసం ఎనిమిదే సెంటీమీటర్లు, సెట్లు లేవు. పదిహేను బాణాల మొత్తమే స్కోరు. మొదటి బాణంలో పోయిన పాయింటు చివరి దాకా వెంటాడుతుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్‌లో సురేఖ దక్షిణ కొరియా క్రీడాకారిణిపై 149-145తో గెలిచింది. పదిహేనింటిలో పద్నాలుగు బాణాలు పదిలో, ఒకటి మాత్రం తొమ్మిదిలో పడితే తప్ప 149 రాదు.

ఇన్నాళ్లూ కాంపౌండ్‌కు ఒలింపిక్స్‌లో చోటు లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో మిక్స్‌డ్ టీమ్ విభాగంలో దానికి తొలిసారి ప్రవేశం లభిస్తోంది. ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి పదహారు బాణాలు వేసే పోటీ అది. హాంగ్‌జౌలో అదే విభాగంలో సురేఖ, ఓజస్ దేవ్‌తలే జోడీ దక్షిణ కొరియాను 159-158తో ఓడించింది. ఆ రోజు మనవారి పదహారు బాణాల్లో పదిలో పడనిది ఒక్కటే.