ఆర్కిటిక్ చలి దిగుతోందంటే ఫోర్‌కాస్ట్‌లో ముందు ఏం చూడాలి?

[తెర మీద: ఫోన్‌లో వెదర్ యాప్. హై 34, లో మైనస్ 6.]

నమస్కారం. ఈ స్క్రీన్ ఒకసారి చూడండి. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఆర్కిటిక్ చలి దిగే రోజు యాప్‌లో అంకెలు ఇలా కనిపిస్తాయనుకుందాం. హై 34, లో మైనస్ 6. హై అంటే ఆ రోజు గరిష్ఠం, లో అంటే కనిష్ఠం. ఇది ఫారెన్‌హీట్ లెక్క, సెల్సియస్ అని చెప్పని చోట ఇక ముందు డిగ్రీలన్నీ ఇదే లెక్క. 34 అంటే సెల్సియస్‌లో 1 డిగ్రీ. అక్కడ జనవరికి ఇది పెద్ద చలేమీ కాదు. మధ్యాహ్నానికి 34 ఉంటుందిలే అని మామూలు జాకెట్ వేసుకుని, గ్లవ్స్ ఇంట్లోనే వదిలేసి బయల్దేరే వాళ్లు చాలామంది ఉంటారు.

కానీ ఆ 34 ఏ గంటకు? యాప్‌లో పైన కనిపించే అంకెలు ఆ సంగతి చెప్పవు.

[తెర మీద: గంటల వారీ గ్రాఫ్. అర్ధరాత్రి నుంచి గీత కిందికి జారుతుంది.]

మామూలు రోజున తెల్లవారుజామున బాగా చల్లగా ఉండి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు వేడెక్కుతుంది. ఆర్కిటిక్ ఫ్రంట్, అంటే దూసుకొచ్చే ఆ చలిగాలి ముందంచు, మీ ఊరు దాటే రోజు ఈ లెక్క తలకిందులవుతుంది. ఆ రోజు హై అర్ధరాత్రి పన్నెండున్నరకే నమోదైపోయి ఉండొచ్చు. మీరు నిద్ర లేచేసరికి 20, మధ్యాహ్నం ఎండలో కూడా 10, ఆఫీసు వదిలే సాయంత్రానికి 3. రోజంతా దిగడమే తప్ప ఎక్కడం ఉండదు. యాప్ అబద్ధం చెప్పలేదు, ఆ రోజు హై 34 మాట నిజమే. ఆ 34 వేళకు మీరు నిద్రలో ఉన్నారు, అంతే.

ఇది ఎంత వేగంగా జరగగలదో వయోమింగ్ రాష్ట్రంలోని షయెన్ ఊళ్లో 2022 డిసెంబర్ 21న తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక 43 డిగ్రీలున్న చోట, అరగంటలో 3 డిగ్రీలకు పడిపోయింది. అంటే 40 డిగ్రీలు పోయాయి. అదే సాయంత్రం డెన్వర్ విమానాశ్రయంలో ఒక్క గంటలో 37 డిగ్రీలు తగ్గింది. భోజనానికి పల్చటి స్వెటర్‌తో బయటికెళ్లిన మనిషి తిరిగొచ్చేటప్పటికి వేరే ఋతువు.

కాబట్టి నేను మొదటినుంచీ చెప్పే మాట ఒకటే. ఆర్కిటిక్ చలి వస్తోందని తెలిసిన రోజు హై, లో అంకెలు చూసి ఫోన్ జేబులో పెట్టేయకండి. ఏ గంటకు ఎంత, గాలి ఎటునుంచి ఎంత, మీరుండే చోటు ఎలాంటిది, ఇవి చూడండి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ సైట్ వెదర్ డాట్ గవ్‌లో మీ జిప్ కోడ్ కొడితే గంటల వారీ గ్రాఫ్ ఉచితంగా వస్తుంది. అందులో టెంపరేచర్, విండ్ చిల్ (అంటే గాలి వల్ల ఒంటికి తెలిసే చలి), గాలి వేగం అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

[తెర మీద: ఉత్తర అమెరికా మ్యాప్. కెనడా ఉత్తర భాగం నీలం రంగులో.]

ఇంతకీ ఈ చలి ఎక్కడిది? శీతాకాలంలో కెనడా ఉత్తరాన సూర్యుడు సరిగ్గా పైకి రాడు, చాలాచోట్ల అసలు రాడు. నేలంతా మంచు. ఆ మంచు తనలో ఉన్న కాస్త వేడినీ రాత్రింబవళ్లు ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. దాన్ని ఆనుకున్న గాలి రోజుల తరబడి చల్లబడి, బరువెక్కి, అక్కడే పేరుకుంటుంది. పైన జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి ప్రవాహం, ఉత్తరం నుంచి దక్షిణానికి లోతుగా వంగినప్పుడు ఆ గాలికి దారి దొరుకుతుంది. పడమర రాకీ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. అడ్డంగా, అంటే తూర్పు పడమరలుగా, ఆర్కిటిక్ నుంచి టెక్సస్ దాకా ఒక్క పెద్ద పర్వత శ్రేణి లేదు. నీళ్లు పల్లానికి పారినట్టు ఆ బరువైన గాలి మైదానాల మీదుగా కిందికి జారుకుంటూ వచ్చేస్తుంది.

పోలార్ వోర్టెక్స్ గురించి కూడా ఒక మాట. చలి పెరిగిన ప్రతిసారీ ఆ పేరు పెట్టేయడం అలవాటైపోయింది. అది కొత్తగా పుట్టే తుఫాను కాదు. ప్రతి శీతాకాలం ధ్రువం చుట్టూ, నేలకు సుమారు 16 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తులో, స్ట్రాటోస్ఫియర్‌లో తిరిగే గాలుల వలయం అది. బలంగా ఉన్నంతకాలం చలి ఉత్తరానే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడప్పుడు ఆ ఎత్తులో గాలి ఉన్నట్టుండి వేడెక్కి ఆ వలయం చెదిరిపోతుంది. 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి గుర్తించాడు. 2019, 2021 జనవరి మొదటి రోజుల్లో ఇలాగే జరిగింది, ఆ తర్వాత కొన్ని వారాలకు అమెరికాను పెద్ద చలి పట్టుకుంది. అయితే చెదిరిన ప్రతిసారీ చలి మన ఊరికే రావాలని లేదు. అది వారాల ముందు వచ్చే సూచన మాత్రమే. మీ ఊళ్లో శుక్రవారం సంగతి జెట్ స్ట్రీమ్ వంపు, నేల మీది గాలి తేలుస్తాయి.

[తెర మీద: ఇల్లినాయ్ మ్యాప్. షికాగో, రాక్‌ఫర్డ్, మౌంట్ క్యారల్ మెరుస్తాయి.]

ఇప్పుడు ఒక ప్రాంతాన్ని దగ్గరగా చూద్దాం. 2019 జనవరి చివర, ఉత్తర ఇల్లినాయ్. 30వ తేదీ పొద్దున షికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31. ఆ పగలు హై కూడా మైనస్ 10. గాలి విపరీతంగా ఉండటంతో విండ్ చిల్ మైనస్ 50 దాటింది. మిడ్‌వెస్ట్‌లో చాలా రాష్ట్రాల్లో పోస్ట్ పంపిణీ ఆపేశారు. షికాగో సబర్బన్ రైళ్ల పట్టాల దగ్గర గ్యాస్ హీటర్ల మంటలు వెలిగించారు. పట్టాలు మారే స్విచ్‌లు గడ్డకట్టి బిగుసుకుపోకుండా అలా చేస్తారు. వీడియోల్లో చూసినవాళ్లు పట్టాలకే నిప్పంటుకుందని కంగారుపడ్డారు.

మర్నాడు పొద్దున గాలి తగ్గింది. హమ్మయ్య అనుకోవాల్సిన సమయం. కానీ థర్మామీటర్ కొన్నిచోట్ల ఇంకా కిందికి దిగింది. రాక్‌ఫర్డ్‌లో మైనస్ 31, ఆ ఊరి చరిత్రలోనే కనిష్ఠం. పడమరగా ఉన్న మౌంట్ క్యారల్‌లో మైనస్ 38, ఇల్లినాయ్ రాష్ట్ర రికార్డు.

గాలి తగ్గితే చలి ఎందుకు పెరిగింది? గాలి వీస్తున్నంతసేపు పైనున్న కాస్త వెచ్చటి గాలి, కింది చల్లటి గాలి కలిసిపోతుంటాయి. గాలి ఆగి, ఆకాశం తేటగా ఉండి, నేల మీద మంచు పరుచుకుని ఉంటే ఆ కలయిక ఆగిపోతుంది. నేల వేడంతా పైకి పోతుంది. చల్లటి గాలి పల్లాల్లో, వాగుల వెంట పేరుకుంటుంది. కాంక్రీటు, జనం, హీటర్లు ఉన్న నగరం నడిబొడ్డు కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అంటే ఒకే ప్రాంతంలో చలి రెండు రకాలుగా వచ్చింది, మొదటి రోజు గాలితో, రెండో రోజు నిశ్శబ్దంగా. మొదటి రోజు విండ్ చిల్ చూడాలి, రెండో రోజు అసలు టెంపరేచర్ చూడాలి. టీవీలో చెప్పే షికాగో అంకె ఓహేర్‌ది. మీరు ఊరికి నలభై మైళ్ల అవతల, పొలాల మధ్య కొత్త కాలనీలో ఉంటే ఆ అంకె మీది కాదు.

[తెర మీద: ఫోర్‌కాస్ట్ డిస్కషన్ పేజీ.]

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన పేజీ ఒకటి చూపిస్తాను. నేషనల్ వెదర్ సర్వీస్‌కు దేశమంతా 122 ఫోర్‌కాస్ట్ ఆఫీసులున్నాయి. ప్రతి ఆఫీసూ రోజుకు కొన్నిసార్లు ఫోర్‌కాస్ట్ డిస్కషన్ రాస్తుంది. అందులో బొమ్మలు ఉండవు, అంతా మాటలే. ఫోర్‌కాస్టర్ తన మనసులోని అనుమానం కూడా అక్కడే రాస్తాడు. కంప్యూటర్ మోడల్ చెప్పినదానికంటే ఫ్రంట్ మూడు గంటలు ముందే రావొచ్చు, మబ్బులు తొలగితే ఇంకో పది డిగ్రీలు పడిపోవచ్చు, ఇలాంటి మాటలు యాప్‌లో ఎప్పటికీ కనపడవు. ఆర్కిటిక్ గాలి నేలను అంటిపెట్టుకుని పల్చటి పొరలా వస్తుంది కాబట్టి, కంప్యూటర్ మోడళ్లు దాని వేగాన్ని తరచు తక్కువ అంచనా వేస్తాయి. అనుభవమున్న ఫోర్‌కాస్టర్‌కు ఈ సంగతి తెలుసు. మొదట్లో ఆ భాష కొంచెం కష్టంగా ఉంటుంది. నాలుగు రోజులు చదివితే అలవాటవుతుంది.

[తెర మీద: విండ్ చిల్ పట్టిక.]

విండ్ చిల్ దగ్గర చాలామందికి గందరగోళం ఉంది, కాస్త నిదానంగా చూద్దాం. మన చర్మం చుట్టూ ఒంటి వేడితో పల్చటి వెచ్చటి గాలి పొర ఉంటుంది. గాలి వీచినకొద్దీ అది చెదిరిపోతుంది, ఒళ్లు వేడిని ఇంకా వేగంగా పోగొట్టుకుంటుంది. దీన్ని మొదట కొలిచింది అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్. ప్లాస్టిక్ పాత్రలో నీళ్లు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. కానీ మనిషి ముఖం నీళ్ల పాత్ర కాదు కదా. అందుకే అమెరికా, కెనడా కలిసి 2001లో కొత్త లెక్క తెచ్చాయి. టొరంటోలో ఆరుగురు ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు చల్లటి గాలి సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిచారు. నుదురు, ముక్కు, గడ్డం, బుగ్గల మీద సెన్సార్లు పెట్టారు, ఒకటి బుగ్గ లోపలివైపు కూడా. ఈ రోజు మీ ఫోన్‌లో కనిపించే విండ్ చిల్ వెనక ఆ పన్నెండు మంది ముఖాలున్నాయి.

0 డిగ్రీలు ఉండి, గంటకు 15 మైళ్ల గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 19. ఆ స్థితిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. అదే ఫ్రాస్ట్‌బైట్. వేలి కొన, చెవి తమ్మె, ముక్కు ముందు తిమ్మిరెక్కి, పాలిపోతాయి. నొప్పి పోయిందంటే తగ్గిందని కాదు, అప్పుడే లోపలికి వెళ్లిపోవాలి. ఆ చోట రుద్దకూడదు, గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి.

విండ్ చిల్ ఒంటికి వర్తిస్తుంది, కారుకు వర్తించదు. బయట మైనస్ 5, విండ్ చిల్ మైనస్ 31 అయితే, కారు రేడియేటర్ ఎంత చల్లబడినా మైనస్ 5 కంటే దిగువకు పోదు. త్వరగా చల్లబడుతుందంతే. అలాగని కారుకు ఇబ్బంది లేదని కాదు. 0 డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం సగానికి పైగా తగ్గిపోతుంది. పాత బ్యాటరీ అయితే పొద్దున్నే టెన్షన్ తప్పదు. రోడ్డు మీద చల్లే మామూలు ఉప్పు కూడా 15 డిగ్రీల కింద సరిగ్గా పనిచేయదు. ఉప్పు చల్లారు కదా అని వేగం పెంచొద్దు.

[తెర మీద: వార్నింగ్ రంగులతో మ్యాప్.]

వార్నింగ్‌ల పేర్లు 2024 అక్టోబర్‌లో మారాయి. విండ్ చిల్ వార్నింగ్ ఇప్పుడు ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్. విండ్ చిల్ అడ్వైజరీ ఇప్పుడు కోల్డ్ వెదర్ అడ్వైజరీ. గాలి లేకపోయినా చలి ప్రాణం తీయగలదన్న సంగతి పేరులోనే తెలియాలని ఈ మార్పు చేశారు. రాక్‌ఫర్డ్ ఆ పొద్దున గుర్తుంది కదా. వార్నింగ్ ఏ అంకెకు ఇవ్వాలన్నది ప్రతిచోటా ఒకటి కాదు. మిన్నెసోటాలో మామూలు జనవరి రోజు టెక్సస్‌లో వార్నింగ్ రోజు. అక్కడి ఇళ్లు, పైపులు, బట్టలు వేరు కాబట్టి అది న్యాయమే.

అమెరికా, కెనడా సరిహద్దులోని పెద్ద సరస్సులు, గ్రేట్ లేక్స్, దగ్గరుండే వాళ్లు గాలి దిశ కూడా చూడాలి. గడ్డకట్టని సరస్సు మీదుగా ఆర్కిటిక్ గాలి వస్తే నీటి ఆవిరిని ఎత్తుకుని, అవతలి ఒడ్డున మంచు కుమ్మరిస్తుంది. నీటికి, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులోని గాలికి మధ్య సుమారు 13 సెల్సియస్ డిగ్రీల తేడా ఉంటే చాలు. ఆ మంచు సన్నటి పట్టీల్లా పడుతుంది. 2022 నవంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో సుమారు 80 అంగుళాలు పడితే, కొద్ది మైళ్ల ఉత్తరాన చాలా తక్కువ పడింది. షికాగోకు వాయవ్యం గాలి నేల మీదుగా వస్తుంది కాబట్టి మంచు తక్కువ, చలి ఎక్కువ. అదే గాలి మిషిగన్ సరస్సు దాటి మిషిగన్ రాష్ట్రపు పడమటి ఒడ్డుకు మంచు మోసుకెళ్తుంది.

[తెర మీద: డాలస్. చీకట్లో కాలనీ.]

చలి అలవాటులేని చోటికి వచ్చినప్పుడు ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో టెక్సస్ చూసింది. 16వ తేదీన డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2. 1949 తర్వాత అంత చలి లేదు. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. ఎక్కువమంది ఒంటి వేడి పడిపోయి, అంటే హైపోథర్మియాతో. వెచ్చదనం కోసం చేసిన పనుల వల్ల కార్బన్ మోనాక్సైడ్‌తో పోయిన వాళ్లూ ఉన్నారు. దయచేసి వినండి. బొగ్గుల పొయ్యి, గ్రిల్, జనరేటర్ ఇంట్లో పెట్టొద్దు. తలుపు వేసిన గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చోవద్దు. ఆ వాయువుకు వాసన ఉండదు, మత్తుగా అనిపించేలోపే స్పృహ పోతుంది.

గంటల గ్రాఫ్‌లో గీత 20 కిందికి దిగుతోందంటే బయటి గోడల వెంట ఉన్న పైపులకు ముప్పు మొదలైనట్టే. కుళాయిని సన్నటి ధారగా వదలండి, సింక్ కింది అల్మారా తలుపులు తెరిచి పెట్టండి, ఊరికి వెళ్తున్నా సరే హీటర్ 55 కంటే తగ్గించొద్దు. ఇంటికి నీళ్లు ఆపేసే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి.

అదే గ్రాఫ్‌లో గీత మళ్లీ 32 దాటే గంటను కూడా గుర్తుపెట్టుకోండి. పైపు పగిలేది చలిలో అయినా, ఆ పగులులోంచి నీళ్లు కారేది మంచు కరిగాకే. 2019లో షికాగోలో ఆ చలి పోయిన కొద్ది రోజులకే 40 దాటింది. వార్నింగ్ ఎత్తేశారని వెళ్లిపోకుండా, ఆ రోజు కాసేపు ఇంట్లోనే ఉండి గోడలు, సీలింగ్, నేలమాళిగ చూసుకోండి. తడి కనపడితే ముందు వాల్వ్ కట్టేసి, తర్వాత ప్లంబర్‌కు ఫోన్ చేయండి.