మోటారులో గులకరాళ్ళ చప్పుడు: 7 నెలలు వాడాక నా రివ్యూ

ముందు ఈ చప్పుడు వినండి. గులకరాళ్ళు మిక్సీలో వేసి తిప్పినట్టు లేదూ? ఇది మధురవాడలో మా ఇంటి సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్ళెక్కించే 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. కొని 7 నెలలైంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో వీడియో అయ్యేలోగా మీకే తెలుస్తుంది.

పొద్దున్నే స్విచ్ వేస్తే కింద వాటా పిన్నిగారు "ఏం నాయనా, లోపల రాళ్ళు గానీ పడ్డాయా?" అన్నారు. నేనూ అదే అనుకుని విప్పాను. ఒక్క రాయి లేదు. బేరింగులూ బాగానే ఉన్నాయి. కానీ ఇదిగో, కెమెరా దగ్గరగా పెడుతున్నా, ఇంపెల్లర్ చూడండి, నీళ్ళను తిప్పి నెట్టే రెక్కల చక్రం. మధ్యలో నీళ్ళు లోపలికొచ్చే కన్ను దగ్గర, రెక్కల అంచున, ఇత్తడి మీద సూదితో పొడిచినట్టు గుంటలు. గోరు పెడితే గరుకుగా తగులుతోంది. బయటి అంచు మాత్రం నున్నగా ఉంది. ఇసుకైతే గీతలు పడాలి, ఇలా చెదలు తిన్నట్టు ఉండదు.

ఇది బుడగల పని. గాలి బుడగలు కావు, ఆవిరి బుడగలు. నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయన్నది మామూలు గాలి పీడనం దగ్గర మాట. పీడనం అందులో దాదాపు 24వ వంతుకు పడిపోతే 30 డిగ్రీల నీళ్ళే మరుగుతాయి. మోటారు లాగినన్ని నీళ్ళు పైపు ఇవ్వలేకపోతే కన్ను దగ్గర జరిగేది అదే. అక్కడ పుట్టిన బుడగ పీడనం ఎక్కువున్న చోటికి కాస్త జరగగానే ఠప్పున కూలిపోతుంది. లోహం పక్కనే కూలితే గుండ్రంగా ముడుచుకోదు. అవతలి వైపు నుంచి సన్నటి నీటి ధార బుడగను చీల్చుకొచ్చి లోహాన్ని పొడుస్తుంది. ఒక్క పోటుకు ఏమీ కాదు. రోజూ లెక్కలేనన్ని పడితే ఇత్తడైనా ఎంతకని ఓర్చుకుంటుంది? దీన్నే క్యావిటేషన్ అంటారు.

మన విశాఖలో దీని కోసం పెద్ద ఏర్పాటే ఉంది. నౌకాదళానికి పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్‌లో క్యావిటేషన్ టనెల్ ఉంది, ఓడల ప్రొపెల్లర్ల నమూనాలను నీటి ప్రవాహంలో పెట్టి చూసేది. బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి చూశారుగా, దానికి ప్రొపెల్లర్లు మూడు. జలాంతర్గామికి ఈ గుంటల కన్నా చప్పుడే ప్రమాదం, నీళ్ళలో శబ్దాన్ని పసిగట్టే సోనార్‌కు దొరికిపోతుంది. లోతుకు వెళ్తే నయం. ప్రతి 10 మీటర్లకు ఇంకో గాలి పీడనమంత ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి బుడగ పుట్టడమే కష్టం. సరే, నాకు ఆ టాపిక్ ఎత్తితే ఆగదు, మోటారు దగ్గరికొద్దాం.

తప్పెవరిది? మోటారు సక్షన్, అంటే నీళ్ళు లాగే వైపు, 1 అంగుళం. ప్లంబరు మిగిలిపోయిన ముప్పావు అంగుళం పైపును రెడ్యూసర్ పెట్టి బిగించేశాడు, పైగా రెండు ఎల్బోలు. అన్నే నీళ్ళు వెళ్ళాలంటే ఆ పైపులో రాపిడి నష్టం దాదాపు 4 రెట్లు. దానికి తోడు సంపులో పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ జల్లెడకు పీచూ చెత్తా సగం పట్టేసింది. "సౌండ్ ఎక్కువ, వేస్ట్ మోటార్" అని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళలో ఎంతమంది సక్షన్ పైపు కొలిచి ఉంటారు? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

మీ ఇంట్లోనూ ఇదే చప్పుడా? నీళ్ళు పైకెళ్ళే డెలివరీ వైపు గేట్ వాల్వ్ కొంచెం మూసి చూడండి. తగ్గితే ఇదే జబ్బు. సక్షన్ వైపు మాత్రం మూయకండి, ఇంకా ముదురుతుంది. ట్యాంకులో నీళ్ళు గాలితో తుంపులు తుంపులుగా పడుతుంటే అది వేరే కథ, సక్షన్ జాయింట్ లీకు.

రేటింగ్ 5కి 4. ఒకటి ఎందుకు కోశానంటే, డబ్బాలో వచ్చిన కాగితంలో వారంటీ షరతులు రెండు పేజీలున్నాయి, సక్షన్ పైపు సైజు గురించి ఒక్క ముక్క లేదు.

నిన్న 1 అంగుళం పైపు, ఒకే బెండు, కొత్త ఫుట్ వాల్వ్ వేశాం. ఇంపెల్లర్ ఆ గుంటలదే. స్విచ్ వేస్తున్నా, వినండి.