ఒకటో తేదీ జీతం, ఏ రోజుకారోజు కూలి, ముహూర్తానికి వచ్చే సంభావన: కరోనా ఎవరిని ఎక్కడ దెబ్బకొట్టింది?

నమస్కారం. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ అని ప్రకటించారు. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. ఏటా ఆ రోజున గుడికి వెళ్లి, మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని పంచాంగం చదివించుకుని రావడం మనకు అలవాటు. ఆ ఏడాది గుడికి వెళ్లే వీలు లేకపోయింది కాబట్టి ఆదాయ వ్యయాల లెక్కను ఎవరింట్లో వారే వేసుకోవాల్సి వచ్చింది. ఒకటో తేదీకి చేతికి ఏమైనా వస్తుందా, వస్తే ఎంత వస్తుంది, అది ఎన్నాళ్లు సరిపోతుంది?

ఆ ప్రశ్నకు ఒక్కో వృత్తిలో ఒక్కో జవాబు వచ్చింది. ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు కూలబడ్డారు అన్నది ఆలోచించినప్పుడల్లా చదువు, నైపుణ్యం, కష్టపడే తత్వం అనే మాటలు వినిపిస్తుంటాయి. నాకు మాత్రం, డబ్బు చేతికి ఏ దారిన వస్తుంది, రాకపోతే అడగడానికి ఒక కాగితం ఉందా అన్న రెండు విషయాలే ఎక్కువగా తేల్చాయనిపిస్తుంది. ఈ వీడియోలో ఆ సంగతే చూద్దాం.

ముందుగా అందరికంటే భద్రమైన ఉద్యోగమని మనం అనుకునే ప్రభుత్వోద్యోగం సంగతి. 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యుల జీతాల్లో 75 శాతం, ఐఏఎస్ అధికారుల జీతాల్లో 60 శాతం, మిగతా ఉద్యోగుల జీతాల్లో 50 శాతం, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం కోత ప్రకటించింది. పింఛన్లు కూడా సగమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ అదే బాటలో జీతాలు, పింఛన్ల చెల్లింపును వాయిదా వేసింది. నెలవారీ మందులకే పింఛనులో పెద్ద భాగం పోయే ముసలివాళ్లకు అది చిన్న కష్టమేమీ కాదు. అయితే ఆ సొమ్ము పోలేదు, ఆలస్యమైంది. ఆంధ్రప్రదేశ్ విషయంలో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, ఆపిన జీతాలకు, పింఛన్లకు 6 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. జీతం ఆగితే కోర్టు మెట్లెక్కి వడ్డీతో సహా రాబట్టుకోగల వర్గం ఒకటి మన దేశంలో ఉందన్నమాట.

ప్రైవేటు రంగంలో కథ వేరు. లాక్‌డౌన్ కాలానికి కార్మికులకు కోత లేకుండా వేతనం ఇవ్వాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశించింది గానీ, మే నెల సగం గడిచేసరికి ఆ ఆదేశం రద్దయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులు, కార్మికులు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలని చెప్పింది. మూడు నెలల అద్దె బాకీ ఉన్న మనిషి తన యజమాని ఎదుట కూర్చుని ఏ బలంతో మాట్లాడతాడన్నది వేరే ప్రశ్న.

అసలు యజమాని ఎవరో కూడా తెలియని వాళ్లు వలస కూలీలు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో భవనాలు కట్టడానికి వచ్చిన ఉత్తరాది కూలీలు, పని ఆగి, రావలసిన కూలి రాక, ఊరికి పోయే దారి లేక, ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. రెండు రోజులు తిరక్కుండానే, మే 1 తెల్లవారుజామున దేశంలోని మొట్టమొదటి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కూలీకి 12 కిలోల బియ్యమో గోధుమపిండో ఇచ్చి, 500 రూపాయలు చేతిలో పెట్టింది. మేస్త్రీ దగ్గర నిలిచిపోయిన కూలి డబ్బుల సంగతి ఆ రైలు ఎక్కిన చాలామందికి తేలనే లేదు. గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల వాళ్లదీ ఇదే బాధ. కాకపోతే వాళ్ల బకాయి సముద్రం అవతల ఉండిపోయింది.

ఇక హైదరాబాద్ పడమటి వైపు చూస్తే విచిత్రం కనిపిస్తుంది. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2019-20లో 1,28,807 కోట్ల రూపాయలైతే, మహమ్మారి నడిచిన 2020-21లో 1,45,522 కోట్లకు పెరిగాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి వెళ్లిపోయిన ఇంజినీరుకు జీతం ఆగలేదు. ఆ ఇంజినీరును రోజూ మాదాపూర్‌లో దింపిన క్యాబ్ డ్రైవరుకు, అతను ఉన్న హాస్టల్ భవనాన్ని లీజుకు తీసుకున్న మనిషికి, ఆ వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టుకున్న దంపతులకు మాత్రం ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. కంపెనీ లెక్కల్లో వీళ్ల పేర్లు ఎప్పుడూ లేవు కాబట్టి ఎగుమతులు పెరిగిన వార్తలో వీళ్ల నష్టం కనిపించదు. రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 వరకు అప్పుల వాయిదాలు కట్టకుండా ఉండే వెసులుబాటు ఇచ్చింది. అప్పు అసలు అక్కడే ఉండి, దాని మీద వడ్డీ పెరుగుతూ పోయిందని చాలామంది డ్రైవర్లకు సెప్టెంబరులో గానీ అర్థం కాలేదు.

నేను మరీ ఎక్కువగా ఆలోచించేది మాత్రం సీజను మీద బతికే వాళ్ల గురించి. చైత్ర వైశాఖాల ముహూర్తాల్లో సంపాదించుకున్నదే సన్నాయి మేళం వాళ్లకు, వంటవాళ్లకు, షామియానా వాళ్లకు, ఫొటోగ్రాఫర్లకు శూన్యమాసాల దాకా అన్నం పెడుతుంది. కూలి మనిషికి పోయింది ఆ రోజు కూలి అయితే, వీళ్లకు రెండు నెలల్లో పోయింది ఏడాది ఆదాయం. తర్వాత పెళ్లికి 50 మందే ఉండాలన్న నిబంధన వచ్చింది. ఆ 50 మందిలో మేళం వాళ్లు ఐదుగురుంటే, ఐదుగురు చుట్టాలను తగ్గించుకోవాలి. పెళ్లివారు ఎవరిని వద్దంటారో చెప్పనక్కర్లేదు, ఫోనులో పాట పెట్టుకుని తాళి కట్టించేశారు.

మా ఊళ్లో డోలు వాయించే పెద్దాయన ఆ రోజుల్లో తన ముహూర్తాల నోటు పుస్తకం చూపించారు. ఏప్రిల్, మే పేజీల్లో తేదీ, ఊరు, పెళ్లివారి ఫోన్ నెంబరు, ముట్టిన అడ్వాన్సు వరసగా రాసి ఉన్నాయి. కొన్నింటి మీద అడ్డంగా గీత కొట్టి పక్కన "వాపసు" అని రాసుకున్నారు. లాక్‌డౌన్‌లో సంపాదన లేకపోవడం ఒక ఎత్తు, అంతకుముందే ఖర్చయిపోయిన అడ్వాన్సును అప్పు తెచ్చి మరీ తిరిగివ్వడం మరో ఎత్తు. "ఇవ్వకపోతే రేపు పిలవరు బాబూ" అన్నారాయన. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వేసవిలో దర్జీలు, క్షురకులు, రజకులకు 10,000 రూపాయల చొప్పున, ఆలయ అర్చకులు, ఇమాములు, పాస్టర్లకు 5,000 చొప్పున ప్రభుత్వం సాయం చేసింది. మంచి పనే, కాదనను. కానీ సాయం జాబితాల రూపంలో వచ్చినప్పుడు, జాబితాకు ఎక్కని పని చేసేవాడు పని చేయనివాడి కింద లెక్కకు వస్తాడు.

అలా ఏ జాబితాకూ అందకుండా ఉండిపోయిన ఒక పెద్ద వర్గం ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు. పేదలు కారు గనుక పేదల పథకాలు వర్తించలేదు, ఉద్యోగులే అయినా చాలామంది చేతిలో నియామక పత్రం ఉండదు కాబట్టి ఉద్యోగుల హక్కులూ పనిచేయలేదు. అసలు మామూలు రోజుల్లోనే చిన్న బడులు చాలా వరకు వేసవి నెలలకు జీతం ఇవ్వవు, పది నెలల జీతంతో పన్నెండు నెలలు గడపాలి. 2020 మార్చిలో మూతపడ్డ బడులు తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు తెరుచుకుని, మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. తల్లిదండ్రులు ఫీజు కట్టలేదని యాజమాన్యాలు, చదువు చెప్పనిదే ఫీజు ఎందుకని తల్లిదండ్రులు అన్నారు, ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఆ ఇద్దరి మధ్య టీచరు నలిగిపోయింది.

నాకు దగ్గరి బంధువైన ఒకావిడ పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. 2020 మేలో ఆమె అత్తగారి జాబ్ కార్డులో తన పేరు చేర్పించుకుని ఉపాధి హామీ పనికి వెళ్లారు. అప్పటి రోజు కూలి రేటు మన రెండు రాష్ట్రాల్లోనూ 237 రూపాయలు, అది కూడా తవ్విన మట్టి కొలతకు వస్తేనే. మొదటి రోజు ముఖానికి కట్టుకున్న చున్నీ కరోనా కోసం కాదని, ఎవరూ గుర్తుపట్టకూడదనేనని తర్వాత చెప్పారు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? ఆ జట్టులో సగం మంది తన తరగతి పిల్లల తల్లులే. ఒక గంట గడిచేసరికి "మీరు ఆ గట్టు మీద కూర్చుని కొలతలు చూడండి టీచరమ్మా" అని పార ఆమె చేతిలోంచి తీసుకున్నారట. ఆమె వినలేదు, తవ్వారు, సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి. ఆమె వంతు గుంత కొలతకు తక్కువ పడితే, మిగిలింది వాళ్లే తవ్వి సరిచేశారు.

2021 ఏప్రిల్ 8న, బడులు తొలిసారి మూతపడిన ఏడాదికి పైగా అయ్యాక, గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. బంధువుల ఇంట్లో కొందరు ఆ 2,000ను వెక్కిరించారు గానీ, ఆమె వెక్కిరించలేదు. ప్రైవేటు టీచరు అనే మనిషి ఉన్నట్టు ప్రభుత్వ కాగితం మీద మొదటిసారి రాశారు అన్నారామె.

సెప్టెంబరు 1న బడులు తెరిచాక ఆమెను మళ్లీ రమ్మన్నారు, పాత జీతంలో మూడింట రెండొంతులకు. ఆమె ఒప్పుకున్నారు, ఒప్పుకోక చేసేదేముంది. అయితే ఈసారి నియామక పత్రం రాసిమ్మని అడిగారు. పదకొండేళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. దసరా సెలవుల తర్వాత చూద్దామన్నారట.