రొయ్య వెళ్లే దారి, పొగ లెక్క

నమస్కారం అండీ. ప్రపంచ సరుకు రవాణా గురించి భీమవరంలో మాట్లాడటమేంటని నన్ను పిలిచినవాళ్లనే అడిగాను. మన చెరువుల్లో పట్టిన రొయ్య అమెరికాలో అమ్ముడవుతోంది. కాకినాడలో బార్జీల మీద వెళ్లి ఓడెక్కిన బియ్యం పశ్చిమ ఆఫ్రికాలో ఉడుకుతోంది. కాబట్టి ఆ రవాణా వదిలే పొగ, అంటే కర్బన ఉద్గారాల లెక్కలో మనమూ ఉన్నాం.

సరుకు రవాణాకి కొలత టన్ను-కిలోమీటరు. టన్ను సరుకు కిలోమీటరు దూరం వెళ్తే ఒకటి. ఏ బండి ఎంత పొగ వదులుతుందో దాంతో గుణిస్తారు. టన్నుకూ కిలోమీటరుకూ చూస్తే పెద్ద ఓడ వదిలేది కొద్ది గ్రాములే. లారీది దానికి ఎన్నో రెట్లు. విమానం మాట ఎత్తకపోవడమే మంచిది.

పారిస్‌లోని అంతర్జాతీయ రవాణా వేదిక 2015లో ఓ లెక్క తేల్చింది. విదేశీ వ్యాపారపు సరుకు రవాణాలో రేవుకూ ఊరికీ మధ్య జరిగేది పదో వంతేనట, కర్బన ఉద్గారాల్లో మాత్రం దాని వాటా 30 శాతం! అంటే వేల కిలోమీటర్ల సముద్రం పక్కన ఇక్కణ్ణుంచి విశాఖ దాకా ఉన్న ఈ కాస్త రోడ్డునూ చిన్నచూపు చూడ్డానికి లేదు. పైగా రొయ్యల కంటైనర్‌కి దారంతా చలి కావాలి, దానికీ డీజిలే.

ఇక 2050 సంగతి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014 అధ్యయనం ఓడల ఉద్గారాలు 50 నుంచి 250 శాతం పెరగొచ్చంది. 2020 అధ్యయనమేమో 2008 నాటి స్థాయిలో 90 నుంచి 130 శాతం మధ్య ఉంటాయంది, అంటే పది శాతం తగ్గడం నుంచి 30 శాతం పెరగడం దాకా. ఆరేళ్లలో ఇంత తేడా! లెక్క రాక కాదండీ, వ్యాపారం ఎంత పెరుగుతుందన్న ఊహ మారింది. అంచనా అంటే జోస్యం కాదు, 'ఇలా అయితే' అన్న మాట మీద కట్టిన ఇల్లు.

2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. ఆ ఏడాది చివర ఎర్రసముద్రంలో దాడులతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. అదే సరుకుకి కిలోమీటర్లు పెరిగాయి. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కింది. పదేళ్ల కిందట లెక్క కట్టినవాళ్లకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

మన చేతిలో ఉన్నది రేవు దాకా ఉన్న దారే. కాటన్ దొర కాలువల్లో ఒకప్పుడు పడవల మీద సరుకు నడిచింది. 2008లో కాకినాడ కాలువ జాతీయ జలమార్గం-4లో చేరింది కూడా. రొయ్యని పడవెక్కించమనను, ఐసు కరిగిపోద్ది. బియ్యానికి అంత తొందర లేదు కదా. మిల్లు నుంచి కాకినాడకి లారీ ఓ వరసలో, పడవ ఓ వరసలో వేసి లెక్క కట్టి చూడండి. గుర్రపుడెక్క తీసే ఖర్చూ, లాకుల మరమ్మతూ పడవ వరసలోనే రాయండి. వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్లూ మాత్రం లారీయే వేసుకోవాలి.