క్రాస్ పోలరైజ్డ్ యాంటెన్నాను ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా నమోదు చేయాలి?

తెరపై: అనంతపురం పరిసరాల మ్యాపు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక సైట్, గుత్తి వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన మరొక సైట్.

నమస్కారం. మొబైల్ టవర్ల సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుందో ముందే లెక్కించే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో, రెండు పోలరైజేషన్ల (తరంగం కంపించే దిశల) యాంటెన్నాను ఎలా నమోదు చేయాలో చూద్దాం. మ్యాపులో కనిపిస్తున్న ఈ రెండు సైట్లు పాఠం కోసం మనం ఊహించుకున్నవి. ఒకటి భవనాల మధ్య ఉంది, రెండవది వేరుశనగ చేల మధ్య బయలు ప్రదేశంలో ఉంది. రెండింటిలోనూ బిగించినది ఒకే రకం యాంటెన్నా. టవర్ మీద సెక్టారుకు ఒక్క ప్యానెలే కనిపిస్తుంది గానీ, దాని లోపల నిలువు గీతకు ఒకవైపు 45 డిగ్రీలు వాలిన డైపోళ్ల (తరంగాలను పంపి, అందుకునే చిన్న లోహపు భాగాల) వరుస ఒకటి, రెండో వైపు 45 డిగ్రీలు వాలిన వరుస మరొకటి, పరస్పరం లంబంగా ఉంటాయి. ఒక్కో వరుసకు ఒక్కో పోర్ట్ (కేబుల్ తగిలించే చోటు) ఉంటుంది. మరి సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఒక యాంటెన్నాగా రాయాలా, రెండుగా రాయాలా?

ఒకటిగానే రాయాలి. ఒక ట్రాన్స్‌మిటర్, ఒక ప్యాటర్న్ (ఏ దిశలో ఎంత బలంగా ప్రసరిస్తుందో చెప్పే పటం), ప్రసారానికి రెండు పోర్టులు, స్వీకరణకు రెండు పోర్టులు. రెండు వరుసలు ఉన్నాయి కదా అని ఒకే స్థానంలో, ఒకే అజిమత్‌తో (యాంటెన్నా చూసే దిక్కుతో) రెండు ట్రాన్స్‌మిటర్లను సృష్టిస్తే, సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేసే రెండు వేర్వేరు సెల్‌లుగా భావించి, ఒకదాని సిగ్నల్‌ను రెండోదానికి ఇంటర్‌ఫియరెన్స్‌గా (అడ్డుతగిలే సిగ్నల్‌గా) లెక్కిస్తుంది. రెండింటి బలమూ సమానమే కాబట్టి, టవర్ పక్కనే నిలబడ్డ ఫోనుకు కూడా సిగ్నల్, ఇంటర్‌ఫియరెన్స్‌ల నిష్పత్తి 0 డీబీని (డెసిబెల్; 0 అంటే రెండూ సమానం) దాటదు.

ఈ యాంటెన్నా వాడుకలోకి రావడానికి ఒక కారణం చెప్పి ముందుకు వెళ్తాను. అంతకుముందు స్వీకరణలో డైవర్సిటీ (ఒకే సిగ్నల్‌ను రెండు దారుల్లో అందుకుని, ఒకటి తగ్గినా మరొకటి ఆదుకునే ఏర్పాటు) కావాలంటే రెండు నిలువు పోలరైజేషన్ యాంటెన్నాలను సుమారు పది తరంగదైర్ఘ్యాల ఎడంతో బిగించేవారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు కాబట్టి, ఆ ఎడం మూడు మీటర్లు దాటేది. రెండు పోలరైజేషన్లను ఒకే కవచంలో అమర్చడంతో ఆ ఎడం అక్కర్లేకుండా పోయింది.

తెరపై: 20 వాట్లు + 20 వాట్లు. కింద 43 డీబీఎం, 46 డీబీఎం.

ఇక పవర్ సంగతి. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. మన ఎల్‌టీఈ (4జీ) రేడియో ఒక్కో పోర్టుకు 20 వాట్లు, అంటే 43 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే పవర్) ఇస్తుందనుకుందాం. మొత్తం 40 వాట్లు, అంటే 46 డీబీఎం. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో 600 సబ్‌క్యారియర్లు (క్యారియర్‌లోని సన్నని ఉప-ఫ్రీక్వెన్సీలు) ఉంటాయి కాబట్టి, పవర్ అన్నింటికీ సమానంగా పంచితే, ఒక పోర్టు నుంచి ఒక్కో సబ్‌క్యారియర్‌కు 43 నుంచి 27.8 (600 రెట్లను డెసిబెల్‌లలో చెప్తే వచ్చే అంకె) తీసేయగా 15.2 డీబీఎం వస్తుంది. ఫోను ఆర్‌ఎస్‌ఆర్‌పీని (రిఫరెన్స్ సిగ్నల్ అందే సగటు పవర్‌ను) మొదటి పోర్టు రిఫరెన్స్ సిగ్నల్ మీద కొలుస్తుంది. రెండో పోర్టు సిగ్నల్ నమ్మకంగా అందితే దాన్నీ కలుపుకోవచ్చు, కానీ అప్పుడు కూడా తీసేది సగటే, మొత్తం కాదు. అందువల్ల ఒక పోర్టు పవర్ అడిగే గడిలో 46 అని రాస్తే, ప్రిడిక్షన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఊరంతటా 3 డీబీ ఎక్కువగా కనిపిస్తుంది.

మూడు డీబీలే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. 30 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు హాటా మోడల్ (దూరంతో సిగ్నల్ ఎంత తగ్గుతుందో అంచనా వేసే సూత్రం) ప్రకారం దూరం పదింతలైతే నష్టం సుమారు 35 డీబీ పెరుగుతుంది. ఆ వాలుతో లెక్కిస్తే 3 డీబీ పొరపాటు సెల్ వ్యాసార్థాన్ని దాదాపు 22 శాతం, విస్తీర్ణాన్ని దాదాపు 48 శాతం పెంచి చూపిస్తుంది. గుత్తి దారిలో రెండు సైట్ల మధ్య సిగ్నల్ అందని పల్లె ఏదైనా ఉంటే, ఆ మ్యాపులో అది పచ్చగా కనిపిస్తుంది, అక్కడ మూడో టవర్ కావాలన్న ఆలోచన ఎవరికీ రాదు. గడిలో ఉన్నది ఒక పోర్టు పవరా, మొత్తం పవరా అన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి, అంకె రాసేముందు మాన్యువల్‌లో దాని నిర్వచనం చూడాలి.

తెరపై: ఒకే పోర్టుకు రెండు ప్యాటర్న్‌లు, కో-పోలార్, క్రాస్-పోలార్.

ప్యాటర్న్ ఫైలు విషయానికి వద్దాం. తయారీదారు ఒక్కో పోర్టుకు, ఒక్కో ఫ్రీక్వెన్సీకి, ఒక్కో ఎలక్ట్రికల్ టిల్ట్‌కు (యాంటెన్నాను కదపకుండా ప్రసారాన్ని కిందికి వంచే కోణానికి) వేరే ఫైలు ఇస్తాడు. కవరేజీకి రెండు పోర్టుల్లో ఏ ఒక్కదాని ఫైలు ఎంచుకున్నా సాధారణంగా పెద్ద తేడా రాదు. గెయిన్‌ను (యాంటెన్నా ఒక దిశలో పవర్‌ను ఎంత కేంద్రీకరిస్తుందో చెప్పే అంకెను) మాత్రం గమనించాలి: ఎంఎస్ఐ అనే ఫార్మాట్ ప్యాటర్న్ ఫైలులో ప్రమాణం రాయకపోతే అది డీబీడీ (డైపోల్‌తో పోల్చినది) అని అర్థం, దాన్ని డీబీఐగా (అన్ని దిశల్లో సమానంగా ప్రసరించే ఊహా యాంటెన్నాతో పోల్చినదిగా) చదివితే 2.15 డీబీ పోతుంది. ఫైలులో కో-పోలార్ భాగం (ఉద్దేశించిన పోలరైజేషన్‌లో వెళ్లే పవర్) మాత్రమే ఉందా, దానికి లంబంగా వెళ్లే క్రాస్-పోలార్ భాగాన్నీ కలిపిన మొత్తం పవర్ ఉందా అన్నది కూడా చూడాలి. సెక్టారు అంచున, క్రాస్-పోలార్ భాగం 10 డీబీ తక్కువగా ఉన్నచోట, ఈ తేడా 0.4 డీబీకే పరిమితం. యాంటెన్నా వెనుక వైపు రెండు భాగాలూ సమానం కాగలవు కాబట్టి అక్కడ తేడా 3 డీబీ దాకా వెళ్తుంది. ఇంటర్‌ఫియరెన్స్ లెక్కలకు మొత్తం పవర్ ప్యాటర్న్ వాడమని నేను చెప్పేది ఇందుకే.

చాలామంది అడిగే మరో ప్రశ్న పోలరైజేషన్ నష్టం గురించి. 45 డిగ్రీలు వాలిన తరంగాన్ని నిలువు యాంటెన్నా అందుకుంటే, అడ్డంకులు లేని చోట సగం పవర్, అంటే 3 డీబీ పోతుంది. ఫోనును మనుషులు ఎటుపడితే అటు వంచి పట్టుకుంటారు, సప్తగిరి సర్కిల్ లాంటి చోట గోడలను తాకి వచ్చే తరంగాల పోలరైజేషన్ కూడా చెదిరిపోతుంది. డ్రైవ్ టెస్ట్ (వాహనంలో తిరుగుతూ తీసే) కొలతలతో సరిచేసిన ప్రాపగేషన్ మోడల్‌లో ఈ నష్టం ముందే కలిసిపోయి ఉంటుంది కాబట్టి, దాన్ని మళ్లీ విడిగా తీసేయకూడదు.

ఎంఐఎంఓ (పలు యాంటెన్నాలతో ఒకేసారి పలు డేటా ప్రవాహాలు పంపే పద్ధతి) లాభాన్ని కూడా యాంటెన్నా గెయిన్‌కు కలపకూడదు. దానికి సాఫ్ట్‌వేర్‌లో వేరే పట్టిక ఉంటుంది, క్లటర్ తరగతిని (భవనాలు, పొలాలు వంటి నేల రకాన్ని) బట్టి అందులోని విలువలు మార్చుకోవచ్చు. ఇక్కడ మన రెండు సైట్లూ విడిపోతాయి. మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ వారి 38.901 నివేదికలో రెండు పోలరైజేషన్ల మధ్య వేర్పాటు సగటు, టవర్ నేరుగా కనిపించే గ్రామీణ ప్రాంతానికి 12 డీబీ, నేరుగా కనిపించని నగర ప్రాంతానికి 7 డీబీ. అంటే, ప్రతిఫలనాలు పెద్దగా లేని వేరుశనగ చేల మధ్య కూడా రెండు పోలరైజేషన్లు ఒకదానిలో ఒకటి కలవకుండా రెండు వేర్వేరు డేటా ప్రవాహాలను మోయగలవు. స్వీకరణ డైవర్సిటీ సంగతి దీనికి భిన్నం. బయలులో రెండు శాఖల సిగ్నళ్లూ ఒకేసారి తగ్గి ఒకేసారి పెరిగే అవకాశం ఎక్కువ కాబట్టి, పట్టణానికి ఇచ్చిన డైవర్సిటీ లాభాన్ని అక్కడ యథాతథంగా ఇవ్వకూడదు.

ఇంటి కప్పు మీద కదలకుండా బిగించే రిసీవర్లకు మాత్రం వేరే లెక్క ఉంది. అలాంటి రిసీవర్ యాంటెన్నా నిలువుగా, ఒకే పోలరైజేషన్‌తో ఉండి, టవర్ నేరుగా కనిపిస్తుంటే, ఇందాక చెప్పిన 3 డీబీ నష్టం నిజంగానే ఉంటుంది. అటువంటి సేవకు సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ రకాన్ని సృష్టించి, ఆ నష్టాన్ని ట్రాన్స్‌మిటర్‌లో కాకుండా టెర్మినల్ నష్టాల గడిలో రాయండి.